కింద పెట్టిన కప్పు

పాత పసిపిల్లల తోపుడుబండిలో యాభై కిలోల పిండి బస్తా వేసుకుని సబ్‌హా తూర్పు మెట్ట వీధి ఎక్కుతోంది. అదే సమయానికి అబూ సుహైల్ కొట్టు అరుగు మీద తొమ్మిది మంది మగవాళ్ళు కూర్చుని ఆ వీధికి తారు వద్దని సంతకాలు పెడుతున్నారు. బండి ముందు చక్రం బురదలో బెత్తెడు లోతు దిగబడింది. సబ్‌హా వంగి, చక్రాన్ని రెండు చేతులా పైకి లాగి, కింద ఒక రాయి తోసి, నెట్టింది. రాయి జారింది. మళ్ళీ వంగింది. అరుగు మీద ఒక్కరూ లేవలేదు. చూడడంలో మాత్రం ఎవరూ లోటు చేయలేదు.

"చినుకులు పడుతున్నాయి, బస్తా మీద గోనె కప్పలేకపోయావా?" అన్నాడు అబూ సుహైల్, కూర్చున్న చోటు నుంచే.

"కప్పాను. నీ కళ్ళకి కప్పుకున్న గోనె తీసి చూడు, కనిపిస్తుంది."

అరుగు మీద ఇద్దరు నవ్వబోయి, కొట్టువాడి దగ్గర అరువు గుర్తొచ్చి ఆపుకున్నారు. అబూ సుహైల్‌కి ఆ బురద ఏటా పండే పంట. కొట్టు గుమ్మానికి రబ్బరు బూట్లు గుత్తులుగా వేలాడుతుంటాయి. గ్యాసు బండి పైకి ఎక్కదు కాబట్టి సిలిండరు మోయించినందుకు వేరే ధర. నీళ్ళ ట్యాంకరు ఎక్కదు కాబట్టి సీసా నీళ్ళకు వేరే ధర. అలాంటివాడు తారు వద్దనడంలో వింత లేదు. మిగతా ఎనిమిది మంది వాడికి తోడు కూర్చోవడమే వింత.

అర్జీ రాసింది తౌఫీఖ్ మాస్టారు. రిటైరైన పన్నెండేళ్ళ తర్వాత ఆయన అందమైన దస్తూరీకి పని దొరికింది. తారు పడితే వేసవిలో వీధి కాగి ద్రాక్షపందిళ్ళు మాడిపోతాయనీ, బయటి కార్లు వస్తాయనీ, కార్లతో బయటి కుర్రాళ్ళు వస్తారనీ, ఆడపిల్లల మర్యాద మంటగలుస్తుందనీ రాశాడు. ఆయన ఇంట్లో ఆడపిల్లలు లేరు. ద్రాక్షపందిరీ లేదు.

అందరికీ పెద్ద అబూ ఘాలిబ్. సైన్యంలో సార్జెంటుగా చేసి వచ్చాడు. సబ్‌హా చనిపోయిన మొగుడికి అన్న. తారు ఖర్చులో సగం మునిసిపాలిటీది, సగం ఇళ్ళవాళ్ళది. ఎవరి ఇంటి ముందు ఎంత పొడవుంటే అంత వాటా. మూలమీద ఇల్లు కాబట్టి అబూ ఘాలిబ్ వాటా అందరికంటే ఎక్కువే. కానీ ఆయన గుండెదడ దానిక్కాదు. పదిహేనేళ్ళ కింద గుమ్మం ముందు వీధిలోకి ఒక మెట్టు కట్టాడు. మరుసటేడు రెండో మెట్టు. మెట్లకు నీడ ఉండాలని పందిరి. పందిరికి ఆనుడు ఉండాలని గోడ. గోడ ఎలాగూ ఉంది కదా అని లోపల ఒక గది. తారు వేసేవాళ్ళు ముందు టేపు పట్టుకుని హద్దురాళ్ళు వెతుకుతారని ఆయనకు తెలుసు.

"సబ్‌హా, ఆగు. నువ్వూ వేలిముద్ర వేసి వెళ్ళు," అన్నాడు.

"నాకు సంతకం వచ్చు బావగారూ. నా వాటా మొన్ననే కట్టి వచ్చాను కూడా."

"మగవాళ్ళు ఇంకా తేల్చని సంగతిలో నువ్వెందుకు దూరావు?"

"ఈ బస్తా మగవాళ్ళెవరైనా మోసి ఉంటే అడిగేదాన్నే."

బండి నెట్టుకుంటూ వెళ్ళిపోయింది. వెనక నుంచి తౌఫీఖ్ మాస్టారు 'నోరు' గురించి ఏదో అన్నాడు. తొమ్మిది మందీ గట్టిగా నవ్వారు. ఈసారి అరువు అడ్డం రాలేదు.

*

సబ్‌హా బతుకు తెరువు ష్రాక్ రొట్టె. గుమ్మం పక్కన రేకుల పాక, అందులో మూడు రాళ్ళ మీద బోర్లించిన పెద్ద ఇనుప మూకుడు, కింద ఆలివ్ పిప్పి అచ్చుల మంట. పిండిముద్దను అరచేతుల మధ్య ఇటూ అటూ విసురుతుంటే అది మోచేతుల దాకా పరుచుకుంటుంది. దాన్ని గుండ్రటి దిండు మీద సాగదీసి, దిండుతో సహా మూకుడు మీద కొడుతుంది. ఒక నిమిషం. వేలి కొసలతో అంచు పట్టి లాగితే, అవతలి మనిషి ముఖం కనిపించేంత పల్చటి రొట్టె వస్తుంది. పెరుగులో మాంసం ఉడికించి మన్సఫ్ వండే ప్రతి ఇంటికీ ఆ రొట్టె కావాలి. కావలసినవాళ్ళు మాత్రం బురద చూసి కిందనుంచే తిరిగిపోతారు.

జెరాష్ రోడ్డు మీద హోటల్ నడిపే మునీర్ ఒక్కడే పైకి వచ్చాడు. వచ్చి, వ్యాను ఇరుసు దాకా దిగబడి, ఇద్దరు మనుషుల్ని పెట్టి లాగించుకుని పోయాడు. పోతూ చెప్పాడు: "రంజాన్ మొదటి రోజు నుంచి రోజుకు రెండొందల రొట్టెలు తీసుకుంటాను అక్కా. నెలంతా. నచ్చితే ఏడాదంతా. కానీ నా వ్యాను నీ గుమ్మం దాకా రావాలి. వచ్చే శనివారానికి మీ వీధిలో రోలరు కనిపిస్తే మాట ఖాయం. లేదంటే ఇర్బిద్‌లో మిషను రొట్టె మాట్లాడుకుంటాను, ఏమనుకోకు."

ఏమనుకోకుండా ఎలా ఉంటుంది? పది ఇళ్ళకు పది చొప్పున కాల్చి, మోకాళ్ళ దాకా బురదలో దిగి పంచి, అందులో సగం మంది "రేపు ఇస్తాం" అంటే ఊరుకుని వస్తోంది నాలుగేళ్ళుగా. మునీర్ మాట నిలిస్తే ఆమె గుమ్మం కదలకుండా బతుకుతుంది. నిలవకపోతే ఈ చలికాలంతో నడుము పోతుంది, నడుముతో రొట్టె పోతుంది. ఇంతే లెక్క.

మంగళవారం పొద్దున తోడికోడలు ఫిద్దా, అంటే అబూ ఘాలిబ్ భార్య, కాళ్ళు దులుపుకుంటూ పాకలోకి వచ్చి ముక్కాలి పీట లాక్కుంది. ఆమె మొగుడి గొప్ప చెప్పుకోవడానికి వచ్చిందో, మొగుడి మీద కసి తీర్చుకోవడానికి వచ్చిందో ఎప్పుడూ తెలియదు. రెండూ ఒకే గొంతుతో చెబుతుంది.

"నిన్న సాయంత్రం తొమ్మిది మందీ మేయరు ఇంటికి పెద్దమనుషుల్లా వెళ్ళారు తెలుసా? తలగుడ్డలు ఇస్త్రీ చేయలేక నా చేతులు పడిపోయాయి."

"తారు వద్దని అడగడానికి ఇస్త్రీ తలగుడ్డలా!"

"మీ బావ ముందు కూర్చున్నాడు. కాఫీ పోయగానే కప్పు తాగకుండా కింద పెట్టాడు. 'మా మాట దక్కితే తాగుతాం అబూ నవ్వాఫ్, లేకపోతే ఇలాగే లేస్తాం' అన్నాడట."

సబ్‌హా చేతిలో పిండి ఆగింది. పిల్లనడగడానికో, హత్య పగ చల్లార్చడానికో వెళ్ళినప్పుడు పెద్దలు కింద పెట్టే కప్పు అది. అతిథి తాగకుండా లేచిపోతే ఆ ఇంటికి తలవంపులు. మాట దక్కించుకుని తాగితే, తాగినవాళ్ళు చచ్చేదాకా ఆ మాట వెనక్కి తీసుకోకూడదు. తాతలు నెత్తుటి గొడవలు తీర్చుకున్న కప్పును ఈ మహానుభావులు వీధి బురద కాపాడుకోవడానికి వాడారు.

"మేయరేమన్నాడు?"

"ఏమంటాడు? తల మీద చెయ్యి పెట్టుకుని 'మీ మాట నా నెత్తిన, తాగండి' అన్నాడట. వెంటనే."

"వెంటనే అన్నాడా?"

"కప్పు నేలను తాకీ తాకకముందే."

"ఆయన బామ్మర్దులు ఏ వీధిలో ఉంటారు అక్కా?"

ఫిద్దా రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. "పడమటి వీధిలో," అంది నములుతూ. ఆ తర్వాత నమలడం ఆపింది.

*

బుధవారం మధ్యాహ్నానికి పడమటి వీధి నుంచి అబూ ఘాలిబ్ ఇంటికి చక్కెర పాకం కారుతూ నాలుగు కిలోల కునాఫా మిఠాయి పళ్ళెం వచ్చింది. పంపినవాళ్ళు వీధి పేరు మీద పంపారు. తెచ్చినవాడు గుమ్మంలో నిలబడి, నవ్వు బుగ్గల్లో దాచుకుని చెప్పాడు: "మీరు వద్దన్న తారు మాకు వేస్తున్నారు. మీకోసం తీసి ఉంచిన సొమ్ము కూడా మాకే కలిపారు, మా వాటా మాఫీ. మీ చేతులు చల్లగుండాలి హజ్జీ. ఇకముందు ఏదైనా వద్దనాలనిపిస్తే ముందు మాకో మాట చెప్పండి."

తొమ్మిది మందీ ఆ కునాఫా తిన్నారు. కోపంతోనే తిన్నారు. పళ్ళెం ఖాళీ అయ్యాక, పడమటి వీధి వాళ్ళకి తారేమిటి, వాళ్ళ మొహాలకి తారేమిటి, అది మా తారు అని అరిచారు. తారు పడితే ద్రాక్ష మాడిపోతుందని రాసిన తౌఫీఖ్ మాస్టారు, పడమటి వీధిలో ఇళ్ళ ధరలు రెట్టింపవుతాయని అందరికంటే ముందు లెక్క తేల్చాడు. అబూ సుహైల్ కూడా గొంతు కలిపాడు. పడమటి వీధిలో వాడి తోడల్లుడికి కొట్టుంది. రేపు కార్లన్నీ అక్కడ ఆగుతాయి. మొన్నటిదాకా తారు శని. ఇప్పుడు పక్కవాడికి దక్కుతోంది కాబట్టి అమృతం.

కానీ కప్పు తాగేశారు. తాగిన కాఫీ కక్కి, మళ్ళీ పోయమని ఏ మొహం పెట్టుకుని అడుగుతారు?

గురువారం పొద్దున అబూ ఘాలిబ్ పాక గుమ్మంలో కనిపించాడు. నాలుగేళ్ళలో ఆయన ఆ పాక ముందు ఆగడం అదే మొదలు. కాసేపు మూకుడు వైపు చూశాడు. మంట బాగుందన్నాడు. రొట్టె పల్చగా వస్తోందన్నాడు. పొగడ్త ఆయన నోట్లో అరువు పళ్ళలా కదిలింది.

"విషయం చెప్పండి బావగారూ, రొట్టె మాడుతుంది."

"మన వీధిలో ఆ కప్పు తాగనిది నువ్వొక్కదానివే. అర్జీలో నీ సంతకం కూడా లేదు."

"నా నోటికి మొన్న నవ్వారు కదా."

"నువ్వు మేయరు ఇంటికి వెళ్ళి అడుగు. ఫిద్దాని తోడు తీసుకెళ్ళు. విధవరాలివి, కాదనలేడు."

ఆ చివరి మాట సబ్‌హాకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. రొట్టె లాగి పక్కన పెట్టి, చేతులు దులుపుకుని లేచింది.

"అడుక్కోవడానికి నేను వెళ్ళను. పెద్దరికంగా వెళతాను. మొన్న వెళ్ళిన తొమ్మిది మందీ రావాలి, అవే ఇస్త్రీ తలగుడ్డలతో. నా వెనక కూర్చోవాలి. మాట నాది. మధ్యలో ఎవరూ నోరు తెరవకూడదు."

"ఆడదాని వెనకా!"

"వద్దంటే సరే. పడమటి వీధి వాళ్ళు మళ్ళీ కునాఫా పంపినప్పుడు నాకో ముక్క పంపండి."

అబూ ఘాలిబ్ మొహం కందగడ్డలా అయింది. ఆయన పరువూ, ఆయన కడుపుమంటా కాసేపు పోట్లాడుకున్నాయి. కడుపుమంటే గెలిచింది.

*

మేయరు అబూ నవ్వాఫ్ ఇంటి ముందుగదిలో గోడల వెంట పరుపులు. సాయంత్రపు అస్ర్ నమాజు అయిపోయింది, కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. సబ్‌హా కాళ్ళ దాకా దిగే నల్లటి పండగ తోబు వేసుకుని, పిండి అంటని ఒకే ఒక్క శాలువా కప్పుకుని, పెద్ద అతిథి కూర్చునే చోట కూర్చుంది. తొమ్మిది మందీ ఆమె వెనకా పక్కలా సర్దుకున్నారు, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లల్లా. మేయరు ఆమెను చూసి, వాళ్ళను చూసి, మళ్ళీ ఆమెను చూశాడు.

ఇత్తడి కూజాతో కాఫీ పోసేవాడు ముందు ఎవరికివ్వాలో తెలియక ఆగాడు. ఆమె చెయ్యి చాపింది. వాడు పోశాడు. అడుగున రెండు గుక్కలు, ఏలకుల వాసన. సబ్‌హా కప్పు అందుకుని, పెదవి దాకా తేకుండా, మోకాలి ముందు నేల మీద పెట్టింది.

కాఫీ పోసేవాడు కూజాతో ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తాగు చెల్లెమ్మా," అన్నాడు మేయరు మెల్లగా. "ఈ ఆచారాలు మగవాళ్ళవి. నీకెందుకు?"

"మగవాళ్ళు మొన్న తాగేశారు కదా అన్నా. మా వీధిలో తాగని నోరు ఇదొక్కటే మిగిలింది. మా వీధికి తారు కావాలి. దక్కితే తాగుతాను."

"వీళ్ళే వద్దన్నారు!"

"వీళ్ళు వద్దన్నది వీళ్ళు తాగారు. నేను ఏ రోజూ వద్దనలేదు. నా వాటా మీ ఆఫీసులో ఉంది."

మేయరు గడ్డం దువ్వుకున్నాడు. బామ్మర్దులకు ఇచ్చిన మాట ఒక పక్క, గుమ్మం దగ్గర చేరిన ఇరుగుపొరుగు ఒక పక్క. విధవరాలిని కప్పు తాగనివ్వకుండా పంపాడన్న మాట రేపటికి సంతలో ఉంటుంది, ఎన్నికలకు ఇంటింటా ఉంటుంది. ఆయన ముప్ఫై ఏళ్ళుగా మనుషుల్ని చదివినవాడు. చూపు ఆమె మీంచి తీసి వెనక్కి విసిరాడు.

"ఏం అబూ ఘాలిబ్? ఈవిడ మాట మీ అందరి మాటేనా? రేపు మళ్ళీ ఇంకొకరు వచ్చి కప్పు దించరు కదా?"

"ఆవిడ మాటే మా మాట!" అన్నాడు అబూ ఘాలిబ్, గుండె మీద చెయ్యి వేసుకుని. మిగతావాళ్ళు తలలూపారు. అంత ఉత్సాహంగా ఆ తలలు ఎప్పుడూ ఊగలేదు.

"మంచిది," అన్నాడు మేయరు. ఆయన మొహంలో చిన్న నవ్వు వచ్చింది. "రెండు వీధులకీ సరిపడా సొమ్ము లేదు కాబట్టి మీ వాటా మీరే కట్టాలి, మొదట చెప్పినట్టే. ఇంకొకటి. కొలత పాత హద్దురాళ్ళ నుంచి. వీధిలోకి వచ్చినది మెట్టైనా, పందిరైనా, గోడైనా, గదైనా పోతుంది. ఒప్పుకుంటావా చెల్లెమ్మా, వీళ్ళందరి తరఫునా?"

వెనక దగ్గులు మొదలయ్యాయి. ఎవరిదో మోకాలు ఆమె వీపుకి తగిలింది. "సబ్‌హా," అని అబూ ఘాలిబ్ గొంతు గుసగుసగా వచ్చింది, "ఆలోచించి చెబుతామను. రేపు చెబుతామను."

ఆమె వెనక్కి తిరగలేదు. నవ్వు ఆపుకోవడం కష్టంగా ఉంది. నోరు తెరవబోయింది.

"నీ రొట్టెల పాక కూడా," అన్నాడు మేయరు, అదే మెత్తటి గొంతుతో. "కాగితాలు చూశాను. రెండు మూరలు."

నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ పాక ఆమె మొగుడు దాహిర్ చివరి వేసవిలో కట్టాడు. అతను రేకులు బిగిస్తుంటే కింద గుంజలు పట్టుకుని నిలబడింది తనే. పిండి పెట్టె కింద ఒక తెల్లటి చెక్కిన రాయి ఉంది. రోజూ ఊడ్చేటప్పుడు చీపురు దానికి తగులుతుంది. అది ఏ రాయో ఆమెకు తెలియక కాదు. నాలుగేళ్ళుగా దాని మీద పెట్టె ఉంచింది. బావగారి మెట్లు లెక్కపెట్టిన కళ్ళు ఆ పెట్టె కిందికి ఒక్కసారీ చూడలేదు. సబ్‌హాకి సిగ్గేసింది. వెనక దగ్గుతున్న తొమ్మిది మందిలో తను పదోది అనిపించింది, అది అన్నిటికంటే అసహ్యంగా అనిపించింది.

మేయరు ఎదురుచూస్తున్నాడు. ఆమె వెనక్కి తగ్గితే తొమ్మిది మందీ ఊపిరి పీల్చుకుంటారు, ఆయన బామ్మర్దులూ పీల్చుకుంటారు. కాఫీ మీద పల్చగా తెట్టు కడుతోంది.

"ఒప్పుకున్నాం," అంది సబ్‌హా. "పాకతో సహా."

మేయరు ఆమె ముందున్న కప్పు వైపు చూశాడు. తర్వాత తల మీద చెయ్యి పెట్టుకున్నాడు, ఈసారి నిదానంగా. "తాగు చెల్లెమ్మా. నీ మాట దక్కింది."

కాఫీ చల్లగా, చేదుగా ఉంది. రెండు గుక్కల్లో తాగేసి, ఇక చాలని కప్పు అటూ ఇటూ ఊపి ఇచ్చింది. తర్వాత కూజా తొమ్మిది మంది దగ్గరికీ వెళ్ళింది. మర్యాద కాబట్టి అందరూ తాగవలసి వచ్చింది.

బయటికి వచ్చాక అబూ ఘాలిబ్ ఆమె దారికి అడ్డం నిలబడ్డాడు. "నీ పాక కూడా పోతుందే, పిచ్చిదానా!"

"పోతుంది బావగారూ."

"ఎక్కడ కాలుస్తావు రొట్టె?"

"మీ పందిరి కింద అడుగుదామనుకున్నాను. అదీ పోతోందిగా."

*

శనివారం పొద్దున బుల్డోజరు వీధి మొదట్లో ఉండగానే సబ్‌హా నిచ్చెన వేసుకుని పాక మీది రేకులు తానే విప్పింది. మేకులు ఒక డబ్బాలో, రేకులు గోడవార, రాళ్ళు తోపుడుబండిలో. పిండి పెట్టె జరిపి, తెల్లరాయి మీది మట్టి నీళ్ళతో కడిగింది. టేపు పట్టుకుని వచ్చినవాడికి వెతికే పని లేకపోయింది. రోలరు చూడడానికి వచ్చిన మునీర్, పాక లేకపోవడం చూసి కంగారు పడ్డాడు. "రొట్టె సంగతి నాకు వదిలెయ్, వ్యాను సంగతి నువ్వు చూసుకో" అని పంపింది.

మిగతా వీధి అంత తేలిగ్గా దిగిరాలేదు. తౌఫీఖ్ మాస్టారు కూల్చివేతలను నిరసిస్తూ ఇంకా అందమైన దస్తూరీతో ఇంకో అర్జీ రాశాడు. కప్పు రెండోసారి తాగినవాళ్ళు కాబట్టి ఎవరూ సంతకం పెట్టలేదు, ఆయనా పెట్టలేదు. అబూ సుహైల్ అరుగు మూరెడు తగ్గింది. అబూ ఘాలిబ్ గది పోయింది, గోడ పోయింది, పందిరి పోయింది, చివరికి మెట్లు పోయాయి. వీధి మట్టం దించి తారు పోసేసరికి ఆయన గుమ్మం మనిషి నడుమంత ఎత్తున గాలిలో నిలబడింది.

రంజాన్ మొదటి రోజు మధ్యాహ్నానికి మునీర్ వ్యాను నల్లటి కొత్త వీధిలో హారన్ కొట్టుకుంటూ ఎక్కి వచ్చింది. నీళ్ళ ట్యాంకుకీ ఇంటి గోడకీ మధ్య ఇరుకు వాకిట్లో, నెత్తిన ఎండతో, సబ్‌హా తెల్లారిన దగ్గర్నుంచీ కాలుస్తూనే ఉంది. ఉపవాసం, మంట, పొగ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండొందలు లెక్కపెట్టి, తడి గుడ్డలో చుట్టి, గుమ్మం లోంచే వ్యానులో పెట్టింది.

వ్యాను పోయాక పిలుపు వినిపించింది. "సబ్‌హా! ఓ సబ్‌హా!"

అబూ ఘాలిబ్ గుమ్మంలో కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేసి ఉన్నాడు. మసీదుకు వెళ్ళాలి. మోకాళ్ళు దూకనివ్వవు. కింద కొట్టు అరుగు మీద ఎనిమిది మంది ఉన్నారు.

"నీ పాక రాళ్ళు మిగిలాయి కదమ్మా. ఒక నాలుగు ఇటు పంపు, చిన్న మెట్టు కట్టుకుంటా."

"మెట్టు గుమ్మం లోపల కట్టుకోండి బావగారూ. బయట ఇక ఒక్క రాయి కూడా వద్దు."

"అందాకా నేనెలా దిగేది?"

సబ్‌హా చేతులకు అంటిన పిండి తోబుకి తుడుచుకుని లోపలికి వెళ్ళింది. తోపుడుబండిలోని రాళ్ళు దింపి, ఖాళీ బండి నెట్టుకుంటూ వచ్చింది. తారు మీద అది చప్పుడు లేకుండా వచ్చింది. గుమ్మం కింద బోర్లించి, పైన పాక తలుపు చెక్క వేసి, కదలకుండా రెండు చేతులా పట్టుకుని వంగింది.

"దిగండి. ఇది బండి, కొలతలోకి రాదు."

అబూ ఘాలిబ్ అరుగు వైపు చూశాడు. ఒక్కరూ లేవలేదు. ఎనిమిది మందీ చూస్తున్నారు. గుమ్మం చట్రం పట్టుకుని, ఒక కాలు చెక్క మీద మోపి, రెండోది తడుముకుంటూ దించాడు. చెక్క కిర్రుమంది. నేల మీద నిలబడ్డాక తలగుడ్డ సర్దుకుని, ఆమె మొహం చూడకుండా అన్నాడు: "బండి ఇక్కడే ఉంచు. మళ్ళీ ఎక్కాలి కదా."

"ఉంచుకోండి. నా పిండి ఇక లారీలో వస్తుంది."

నడుము పట్టుకుని లేచి, రేపటి పిండి తడపడానికి వెనక్కి వెళ్ళింది.